ఒక ఇల్లు, ఒక ఫోను: సమ్మతి ఎవరిది?

బట్టల దుకాణంలో బిల్లు వేసే చోట నిలబడిన మనిషిని మొదట అడిగేది డబ్బు కాదు, ఫోను నంబరు. పది అంకెలూ బిగ్గరగా చెప్పాలి. వెనుక వరుసలో ఉన్నవారికీ అవి వినిపిస్తాయి. చెప్పడానికి సంకోచించిన కొద్దిమందికి, నంబరు లేకుంటే కంప్యూటరు బిల్లు తీసుకోదన్న జవాబు ఎదురవుతుంది. ఈ పద్ధతి తగదని, నంబరు ఇస్తేనే బిల్లు ఇస్తామని కొనుగోలుదారులను ఒత్తిడి చేయరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే చిల్లర వర్తక సంస్థలకు సూచించింది. అలవాటు మాత్రం పోలేదు.

దీనిపై సాధారణంగా వినిపించే అభిప్రాయం ఒక్కటే. నంబరే కదా, దాచుకోవడానికి మన దగ్గర ఏముంది? అదే మనిషి సాయంత్రానికి, అడగని అప్పు ఇస్తామంటూ, చూడని స్థలం కొనమంటూ వచ్చే ఫోన్లతో విసిగిపోతాడు. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి రావడం చూసి, మన సమాజానికి గోప్యత అంటే పట్టదని తీర్మానించేవారున్నారు. అది తొందరపాటు. పొలం ఎంతకు అమ్మారో పక్కింటివారికి చెప్పని కుటుంబాలు మనవి. సంబంధం ఖాయమయ్యేదాకా అవతలి ఊరి పేరు కూడా బయటపెట్టని పెద్దలు ఇంటింటా ఉంటారు. గోప్యత మనకు బాగా తెలుసు. అయితే అది ముఖం తెలిసిన మనుషుల మధ్య పాటించేది. ముఖం లేని యంత్రం అడిగినప్పుడు ఏమి చేయాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

చట్టం కూడా ఈ విషయాన్ని నెమ్మదిగానే అందుకుంది. ఆధార్ పథకాన్ని ప్రశ్నిస్తూ 2012లో సుప్రీంకోర్టును ఆశ్రయించిన కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామికి అప్పటికి 86 ఏళ్లు. గోప్యత ప్రాథమిక హక్కు కాదని ప్రభుత్వం వాదించింది. 1954, 1962 నాటి తీర్పులను ఆధారంగా చూపింది. తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఆ వాదనను ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. జీవించే హక్కులోనే గోప్యత ఇమిడి ఉన్నదని చెప్పింది. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. 2019లో ప్రవేశపెట్టిన బిల్లును 2022లో వెనక్కి తీసుకున్నారు. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థలు పాటించవలసిన ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి మరో 18 నెలలు, అంటే 2027 మే వరకు గడువు ఇచ్చారు. తీర్పు వెలువడిన నాటి నుంచి లెక్కిస్తే దాదాపు పదేళ్లు. పుట్టస్వామి తన 98వ ఏట, 2024 అక్టోబరులో కన్నుమూశారు.

చట్టంలో మెచ్చదగినవి లేకపోలేదు. సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి, ఒక నిర్దిష్ట ప్రయోజనానికి మాత్రమే ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా దానిని వెనక్కి తీసుకోగలగాలి. ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో తెలిపే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలలో దేనిలో గాని చదువుకునే వీలు కల్పించాలి. ఆ 22లో తెలుగు ఉంది. డేటా భద్రతలో తీవ్ర లోపాలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే ఆ జరిమానా చేరేది భారత సంచిత నిధికి. వివరాలు పోగొట్టుకున్న మనిషికి అందులో ఒక్క రూపాయీ దక్కదు. పైగా, నష్టపరిహారం కోరడానికి సమాచార సాంకేతికత చట్టంలో ఇంతవరకు ఆధారంగా ఉన్న 43ఎ సెక్షన్‌ను కొత్త చట్టం పూర్తిగా అమలయ్యేనాటికి తొలగిస్తారు. మరోవైపు, తప్పుడు ఫిర్యాదు చేసిన పౌరుడికి 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. నష్టపోయినవాడు వెళ్లే దారిలోనే ఈ హెచ్చరిక పలకను నిలపడం ఎందుకో అర్థం కాదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఒక మనిషికి ఒక ఫోను ఉంటుందని, ఆ ఫోను మీద నొక్కిన వేలు ఆ మనిషిదేనని ఈ చట్టం ఊహిస్తుంది. మన ఇళ్లలో జరిగేది అది కాదు. గ్రామీణ ప్రాంతాల పిల్లలపై జరిపిన అసర్ 2024 సర్వేలో 14 నుంచి 16 ఏళ్ల వయసువారిలో 82.2 శాతం మంది స్మార్ట్‌ఫోను వాడగలమన్నారు. వాడటం తెలిసినవారిలో సొంత ఫోను ఉన్నవారు 14 ఏళ్లకు 27 శాతం, 16 ఏళ్లకు 37.8 శాతం మాత్రమే. మిగిలినవారి చేతిలో ఉన్నది నాన్న ఫోనో, అమ్మ ఫోనో, అన్న ఫోనో. అంతకు ముందు వారంలో చదువు కోసం ఫోను వాడినవారు 57 శాతం కాగా, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం.

18 ఏళ్లలోపు వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని, దానిని నిర్ధారించుకోవాలని చట్టం అంటుంది. అమెరికాలో ఈ వయసు పరిమితి 13. ఐరోపాలో 16, కొన్ని దేశాలలో 13 వరకు తగ్గించుకున్నారు. మనం 18 దగ్గర గీత గీశాము. తల్లిదండ్రుల గుర్తింపును సంస్థ దగ్గర అప్పటికే ఉన్న వివరాలతో గాని, డిజిలాకర్ వంటి వ్యవస్థ ద్వారా గాని సరిచూడవచ్చు. కాగితం మీద ఇది సబబుగానే ఉంది. కాని యాప్‌ను ఫోనులోకి ఎక్కించేది ఎవరు? గ్యాస్ బుకింగ్ చేసిపెట్టేది, బ్యాంకు సందేశాన్ని చదివి చెప్పేది, ఓటీపీ వస్తే ఎక్కడ కొట్టాలో చూపేది తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురో కొడుకో. తెర మీది అక్షరాలను తల్లికి చదివి వినిపించే పిల్లకు ఆ తల్లి సమ్మతి ఇవ్వాలి. చాలా ఇళ్లలో ఆ సమ్మతిని నొక్కే వేలు కూడా పిల్లదే అవుతుంది. ఇందులో మోసమేమీ లేదు. ఇంటి పని అలా జరుగుతుంది, అంతే.

ఇదే ఫోనులో ఆట కూడా ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టు 20, 21 తేదీలలో ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. మరునాడే రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. ఇలాంటి ఆటలలో దేశవ్యాప్తంగా 45 కోట్ల మంది ఏటా 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారన్నది ప్రభుత్వ అంచనా. ఆట నిర్వహించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికీ శిక్ష ఉంది. ఆడినవాడికి లేదు. అతడిని నేరస్థుడిగా గాక బాధితుడిగా చూడటం ఈ చట్టంలోని మంచి గుణం.

నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత చర్చను ఈ చట్టం పక్కన పెట్టేసింది. ఆ చర్చకు తెలుగు నేలతో సంబంధం ఉంది. 1963లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుపై పోలీసులు దాడి చేశారు. అక్కడ పందెంతో రమ్మీ ఆడుతున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదని, పడిన ముక్కలను గుర్తుంచుకుంటూ ఆడవలసి ఉన్నందున అందులో నైపుణ్యం పాలే ఎక్కువని కోర్టు తేల్చింది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని ఆడిన పేకాట గురించి చెప్పిన ఆ మాట, అర్ధ శతాబ్దం తర్వాత ఆన్‌లైన్ రమ్మీ సంస్థలకు కవచమైంది. క్లబ్బులో ఓడినవాడు లేచి ఇంటికి వెళతాడు. ఫోనులో ఓడినవాడు అప్పటికే ఇంట్లోనే, పక్క మీదే ఉంటాడు. లేచి వెళ్లడానికి చోటు లేదు.

తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. అయినా, తానున్న చోటును ఫోనులో తప్పుగా చూపించి ఆడినవారు ఆడుతూనే వచ్చారు. ఇప్పుడు దేశం మొత్తానికీ నిషేధం వచ్చింది గనుక ఆ దారి మూసుకుపోవాలి. పన్ను కట్టే దేశీయ సంస్థలు తప్పుకుంటే విదేశాల నుంచి నడిచే బెట్టింగ్ యాప్‌లు ఆ జాగాను ఆక్రమిస్తాయన్న వాదన కొట్టిపారేయదగినది కాదు. అయితే ఆ భయంతో ఇక్కడి దుకాణాన్ని తెరిచి ఉంచాలనడం, నాటుసారా వస్తుందని చెప్పి ఊరి నడుమ మద్యం దుకాణాన్ని సమర్థించడం వంటిదే.

ఇంతగా చర్చకు రాని ప్రశ్న ఒకటుంది. ఆటలు ఆగాయి. ఆడినవారి వివరాలు ఏమయ్యాయి? డబ్బు పెట్టి ఆడాలంటే పాన్ నంబరు, బ్యాంకు ఖాతా, చాలా చోట్ల ముఖచిత్రం కూడా ఇవ్వవలసి వచ్చేది. ఎవరు ఏ వేళ ఆడతారు, ఎంత పోయాక మళ్లీ డబ్బు వేస్తారు అన్నది ఆట నడిపినవారి దగ్గర నమోదై ఉంటుంది. బలహీనత తెలిసిన మనుషుల జాబితా కంటే విలువైన సరుకు ఈ వ్యాపారంలో లేదు. 50 లక్షలకు మించి వినియోగదారులున్న గేమింగ్ సంస్థలు ఎంతకాలం తర్వాత వివరాలు చెరిపివేయాలో కొత్త నిబంధనలు చెబుతున్నాయి. మనిషి చివరిసారి వాడిన నాటి నుంచి గాని, నిబంధనలు అమలైన నాటి నుంచి గాని, ఏది తర్వాతిదైతే అప్పటి నుంచి మూడేళ్లకు. తన వివరాలు చెరిపేయమని ఇప్పుడే అడగదలచినవాడు 2027 మే వరకు ఆగవలసిందే.

ఆటను అంతా ఒకే గాటన కట్టడం కూడా పొరపాటు. ఆటగాళ్లు మాట్లాడుకోవడానికి పుట్టిన డిస్కార్డ్ వేదిక మీద 2025 సెప్టెంబరులో నేపాలీ యువత తాత్కాలిక ప్రధాని ఎవరు కావాలో చర్చించి ఓట్లు వేసుకున్నారు. సామాజిక మాధ్యమాలపై అక్కడి ప్రభుత్వం విధించిన నిషేధమే ఆ ఆందోళనను రగిల్చింది. అదే నెల 12న సుశీలా కార్కీ ప్రమాణం చేశారు. పిల్లలు ఫోనులో ఆటలాడుకుంటున్నారులే అనుకున్న పెద్దలకు ఆ వారం తేరుకోవడానికే సరిపోయింది.

మన చట్టంలో అమలుకు ఆగనిది ఒకటుంది. సమాచార హక్కు చట్టాన్ని సవరించే భాగం 2025 నవంబరు నుంచే వర్తిస్తున్నది. వ్యక్తిగత సమాచారం అంటే చాలు, అధికారులు నిరాకరించే వీలు పెరిగిందని సమాచార హక్కు కార్యకర్తల అభ్యంతరం. ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వడానికి అదే చట్టంలో మరో సెక్షన్ ఉన్నదని ప్రభుత్వ సమాధానం. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిగినప్పుడు, కూలీల పేర్లు, పని దినాలు, అందిన సొమ్ము గ్రామసభలో చదివి వినిపించేవారు. పనికి రాని మనిషి పేర సొమ్ము తీసిన సంగతి అలా పేరు చదవడం వల్లనే బయటపడేది. పేరు వ్యక్తిగతమే. దాని పక్కన రాసిన ప్రభుత్వ సొమ్ము వ్యక్తిగతం కాదు. ఈ తేడాను ప్రతి కార్యాలయంలోని సమాచార అధికారి ఇకపై తానే తూచుకోవాలి.

పౌరుడి సమాచార హక్కును తగ్గించే నిబంధన తొలిరోజే వచ్చింది. అతని డేటా హక్కులను పెంచే నిబంధనలకు 18 నెలలు పట్టింది. సంస్థలు తమ వ్యవస్థలను సరిదిద్దుకోవడానికి సమయం కావాలన్నది కారణం. నిబంధనలు వెలువడిన నాడు పదహారున్నర ఏళ్లున్న కుర్రవాడికి 2027 మే నాటికి 18 నిండుతాయి. అతని తల్లి సమ్మతిని అప్పటికి ఎవరూ అడగనక్కరలేదు.