కూడమంటే అతికిస్తుంది

చిన్న తరగతుల నుంచీ మనకు బోడ్‌మాస్ నేర్పుతున్నారు. ముందు బ్రాకెట్లు, తర్వాత భాగహారం, గుణకారం, ఆ పైన కూడిక, తీసివేత. జావాస్క్రిప్ట్ కూడా ఇదే వరుస పాటిస్తుంది కాబట్టి లెక్క తప్పదని చాలామందికి ధీమా. ఆ ధీమాయే కొంప ముంచుతుంది.

మార్కులు చూపించే వెబ్ పేజీ తయారు చేస్తున్నామనుకోండి. తెలుగులో 40, లెక్కల్లో 35. "మొత్తం: " + 40 + 35 అని రాస్తే తెర మీద 75 రాదు, 4035 వస్తుంది! అక్కడ + గుర్తుకు రెండు పనులున్నాయి. రెండు వైపులా సంఖ్యలుంటే కూడుతుంది. ఒక్క వైపు స్ట్రింగ్ ఉన్నా, రెండో దాన్నీ స్ట్రింగ్‌గా మార్చి పక్కన అతికిస్తుంది. రెండు ప్లస్‌లకూ ఒకే ప్రాధాన్యం కనుక పని ఎడమ నుంచి మొదలవుతుంది. ముందే "మొత్తం: 40" తయారైపోతుంది, ఇక 35 దాని తోకకు అంటుకోవడమే. అదే 40 + 35 + " మార్కులు" అని రాయండి, బుద్ధిగా 75 మార్కులు అంటుంది. తీసివేతకు మాత్రం ఈ అతికించే పని లేదు. "40" - 35 అంటే 5.

పీహెచ్‌పీలో కూడికకు ప్లస్, అతకడానికి చుక్క. గుర్తులు వేరైనా 7వ వెర్షన్ దాకా రెండింటికీ ఒకే ప్రాధాన్యం ఉండేది. అందువల్ల "మొత్తం: " . 40 + 35 అంటే ఒక హెచ్చరికతో పాటు 35 వచ్చేది. 2020లో వచ్చిన 8వ వెర్షన్ కూడికను ముందుకు జరిపింది. ఇప్పుడు అదే వాక్యానికి జవాబు "మొత్తం: 75".

పైథాన్ అయితే స్ట్రింగ్‌నూ సంఖ్యనూ కలపనే కలపదు, ఎర్రర్ చూపి ఆగిపోతుంది. ల్యాబ్‌లో దాన్ని తిట్టుకోని వాళ్లుండరు. నన్నడిగితే నోరు మెదపకుండా తప్పు జవాబు ఇచ్చే భాష కన్నా అదే నయం.

పరీక్షల్లో ఇలాంటి వాక్యాలిచ్చి "ఔట్‌పుట్ ఎంత?" అని అడగడం నాకు నచ్చదు. చదివేవాళ్లను తికమకపెట్టే వాక్యం రాయడమే తప్పు కదా, దాన్ని విప్పడం ఒక ఘనతా? "ఎవరూ పొరబడకుండా తిరగరాయండి" అని అడగాలి. "మొత్తం: " + (40 + 35) అని బ్రాకెట్లు పెట్టినవాళ్లకు మార్కులివ్వాలి. ఇంకో ప్రశ్న కూడా అడగొచ్చు: ఆ 40, 35 పేజీలోని గడుల్లో టైపు చేసినవైతే ఈ బ్రాకెట్లు చాలతాయా? చాలవు. గడిలోంచి వచ్చేది అంకెలా కనిపించే స్ట్రింగే. ముందు దాన్ని సంఖ్యగా మార్చాలి, ఆ తర్వాతే కూడిక.