బాధ్యత పైనుంచే మొదలు కావాలి

గెలుపును తమ ఖాతాలో వేసుకునే సేనానులు చరిత్ర నిండా ఉన్నారు. ఓటమికి జవాబుదారీ తామేనన్నవారు అరుదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగాన పోరాడిన బ్రిటిష్ ఫీల్డ్ మార్షల్ విలియం స్లిమ్ ఆ కోవకు చెందుతారు.

సైన్యంలో పెద్ద హోదాలు కలవారి ఇళ్ల బిడ్డలకే ఎక్కువగా దక్కే కాలమది. స్లిమ్‌ది వ్యాపారంలో చితికిపోయిన కుటుంబం. బర్మింగ్‌హామ్‌లో బడిపంతులుగా, గుమాస్తాగా పనిచేసి, 1914 యుద్ధంతో ఆఫీసరయ్యారు. గల్లిపోలిలో, మెసపొటేమియాలో గాయపడ్డారు. తర్వాత భారత సైన్యానికి మారి గూర్ఖా దళంలో చేరారు. జీతానికి తోడుగా నాలుగు డబ్బులు వస్తాయని మారుపేరుతో కథలు కూడా రాశారు.

1942 మార్చిలో బర్మా కోర్ పగ్గాలు చేతికొచ్చేసరికే రంగూన్ జపాన్ వశమైంది. విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడిన ఆ ఏప్రిల్‌లో స్లిమ్ బలగాలు భారత సరిహద్దు వైపు వెనక్కి నడుస్తున్నాయి. సుమారు 1,400 కిలోమీటర్ల తిరోగమనమది. ఆ ఓటమిలో తన పొరపాట్లేమిటో ఆయన తన పుస్తకంలో దాచకుండా రాసుకున్నారు.

1943 చివర్లో పద్నాలుగో సైన్యం ఆయన చేతికొచ్చింది. అప్పటికి ఒక సైనికుడు యుద్ధంలో గాయపడితే 120 మంది జబ్బుపడి ఆస్పత్రి దారి పట్టేవారు. మలేరియా మాత్రలు ఉన్నా మింగేవారు కాదు. స్లిమ్ ఆకస్మిక తనిఖీలు పెట్టించారు. నూటికి 95 మందైనా మాత్ర వేసుకున్నట్టు తేలకపోతే ఆ దళం కమాండర్‌ను తొలగించారు. ముగ్గురి పదవులు పోయేసరికి మిగిలినవారు దారికొచ్చారు. పారాచూట్లకు పట్టు దొరకనప్పుడు కలకత్తా జనపనార మిల్లులను ఆశ్రయించారు. అడవిలోని దళాలకు సరుకులు ఆ జనపనార గొడుగులతోనూ దిగాయి.

1944లో ఇంఫాల్, కోహిమాల వద్ద జపాన్ సైన్యం యాభై వేల మందికి పైగా నష్టపోయింది. వారిలో ఆకలికీ రోగాలకూ బలైనవారే ఎక్కువ. తిండి, మందుల సంగతి ముందే చూసుకున్న పక్షం నిలిచింది.

ఈ కథలో మనకు మరో కోణమూ ఉంది. స్లిమ్ సైన్యంలో అత్యధికులు భారతీయులు. ఎదుటి పక్షాన ఆజాద్ హింద్ ఫౌజ్‌లో ఉన్నవారూ మనవారే. ఆయన పోరాడింది సామ్రాజ్యం కోసం. ఆ గెలుపు సామ్రాజ్యాన్ని నిలబెట్టలేదు. 1947లో భారత్, 1948లో బర్మా స్వతంత్రమయ్యాయి. ఆ సామ్రాజ్యానికి మనం రుణపడి లేము. 1948లోనే స్లిమ్ బ్రిటిష్ సైన్యానికి అధిపతి అయ్యారు. భారత సైన్యం నుంచి ఆ పదవికెక్కిన తొలి అధికారి ఆయనే.

ఆయన పద్ధతి మాత్రం మనం నేర్చుకోదగ్గది. మాత్ర మింగని సిపాయి కంటే ముందు, మింగించలేని అధికారిని నిలదీశారాయన. ప్రమాదం జరగ్గానే కింది ఉద్యోగిని సస్పెండ్ చేసి పైవారు చేతులు దులుపుకునే చోట ఏ వ్యవస్థా బాగుపడదు. అధికారం ఎవరిదో సంజాయిషీ కూడా వారిదే కావాలి.