ప్రాణవాయువుకూ హద్దున్నది

సముద్రగర్భంలో పగడపు దిబ్బల నడుమ కాసేపు సంచరించి రావాలన్న కోరిక నేడు కొద్దిమంది సాహసికులకే పరిమితమై లేదు. 2018 వరకు హేవ్‌లాక్ అన్న పేరుతో ఉండిన అండమాన్‌లోని స్వరాజ్ ద్వీపంలోనూ, లక్షద్వీపాలలోనూ, పొరుగుననున్న మాల్దీవులలోనూ సెలవులకు వెళ్ళిన ఉద్యోగులు, విద్యార్థులు వీపున సిలిండరు కట్టుకొని నీటిలోకి దిగుతున్నారు. వారిలో కొంత అనుభవం గడించినవారికి ఒకనాడు ఒక ప్రశ్న ఎదురవుతుంది: ‘‘మామూలు గాలి కావాలా, నైట్రాక్స్ కావాలా?’’ ప్రశ్న చిన్నదే. కాని సమాధానం చెప్పేముందు తెలుసుకోవలసినది చాలా ఉన్నది.

మనం పీల్చే గాలిలో సుమారు 21 శాతం ప్రాణవాయువు, 78 శాతం నత్రజని ఉంటాయి. ప్రాణవాయువు పాలు పెంచి, ఆ మేరకు నత్రజని పాలు తగ్గించిన మిశ్రమమే డైవర్లు వాడే నైట్రాక్స్. వినోదం కోసం డైవింగ్ చేసేవారికి సాధారణంగా 32 శాతం లేదా 36 శాతం ప్రాణవాయువు గల మిశ్రమాలు ఇస్తారు. వీరి విషయంలో అది 40 శాతం దాటదు. ప్రాణవాయువు ఎక్కువగా ఉన్నది గనుక మరింత లోతుకు పోవచ్చునని చాలామంది అనుకుంటారు. నిజం సరిగ్గా దీనికి విరుద్ధం.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒత్తిడి ఒక వాతావరణ పీడనం మేరకు పెరుగుతుంది. నీటి ఉపరితలంపై ఒత్తిడిని 1 అనుకుంటే 30 మీటర్ల లోతున అది 4. ఒత్తిడి పెరిగినకొద్దీ ద్రవంలో కరిగే వాయువు కూడ పెరుగుతుందని విలియం హెన్రీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1803లో తెలియజేశాడు. డైవరు శరీరంలో జరిగేది ఇదే. ప్రాణవాయువును దేహం వినియోగించుకొంటుంది. నత్రజనితో దేహానికి పనిలేదు. అది రక్తంలోనూ, కొవ్వులోనూ, కండరాలలోనూ కరిగి నిలువ ఉండిపోతుంది. డైవరు తొందరపడి పైకి వచ్చాడా, గోలీసోడాలో గోలీ నొక్కగానే బుడగలు పొంగినట్లు ఆ నత్రజని బుడగలుగా మారుతుంది. కీళ్ళనొప్పులు మొదలుకొని పక్షవాతం వరకు, ఒక్కొక్కప్పుడు మరణం వరకు ఆ బుడగలు దారితీస్తాయి.

నైట్రాక్స్ ఉపయోగపడేది ఇక్కడే. నత్రజని తక్కువగా ఉండడం వలన దేహంలో కరిగేదీ తక్కువే. 32 శాతం మిశ్రమంతో 30 మీటర్ల లోతున ఉన్న డైవరు నత్రజని లెక్కలో చూస్తే మామూలు గాలితో సుమారు 24 మీటర్ల లోతున ఉన్నవానితో సమానం. ఎక్కువమంది వాడే ఒక పట్టిక ప్రకారం 30 మీటర్ల లోతున మామూలు గాలితో సుమారు 20 నిమిషాలు గడపవచ్చును. ఈ మిశ్రమంతో అది దాదాపు 30 నిమిషాలవుతుంది. అందరినీ ఆకర్షించేది ఈ అదనపు పది నిమిషాలే.

అయితే ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు. నత్రజని బుడగల సంగతిని సోదాహరణంగా నిరూపించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ట్, 1878లో వెలువరించిన అదే గ్రంథంలో మరొక సత్యాన్ని కూడ ప్రకటించాడు. అధిక పీడనంలో ప్రాణవాయువు సైతం నాడీమండలానికి విషమవుతుంది. దాని ప్రభావం వలన చూపు మసకబారవచ్చు, చెవులలో హోరు పుట్టవచ్చు, పెదవులు అదరవచ్చు, వికారం కలగవచ్చు. ఈ హెచ్చరికలేవీ లేకుండానే హఠాత్తుగా మూర్ఛ కూడ రావచ్చు. భూమి మీద మూర్ఛ వచ్చినవాడు తరచుగా తేరుకొంటాడు. నీటి అడుగున వస్తే నోటిలోని శ్వాసగొట్టం జారిపోతుంది. ఆ తరువాత మునిగిపోవడమే.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు కెన్నెత్ డోనాల్డ్ ఈ విషయమై విస్తృతంగా పరిశోధనలు జరిపాడు. ప్రాణవాయువును తట్టుకొనే శక్తి మనిషికీ మనిషికీ మారుతుందనీ, ఒకే మనిషిలో సైతం ఒకరోజు ఉన్నట్లు మరొకరోజు ఉండదనీ ఆయన గమనించాడు. కనుక ‘‘నిన్న నాకేమీ కాలేదు’’ అన్న ధైర్యానికి ఇక్కడ విలువ లేదు.

విలువ ఉన్నది లెక్కకే. మొత్తం ఒత్తిడిని మిశ్రమంలోని ప్రాణవాయువు భాగంతో గుణిస్తే దాని పాక్షిక పీడనం తెలుస్తుంది. వినోద డైవింగ్‌లో ఇది 1.4 దాటకూడదన్నది నేడు సాధారణంగా పాటించే నియమం. 1.6 అన్నది అత్యవసర పరిస్థితికి విడిచిన అంచు మాత్రమే. 40 మీటర్ల లోతున ఒత్తిడి 5. అక్కడ మామూలు గాలితో ఈ లెక్క 1.05 మాత్రమే. 32 శాతం మిశ్రమంతో 1.6 అవుతుంది, 36 శాతంతో 1.8. అందుచేత 32 శాతం మిశ్రమానికి గరిష్ఠమైన లోతు 33 మీటర్లు, 36 శాతానికి 28 మీటర్లు. మిశ్రమం ఎంత ‘‘మంచిది’’ అయితే డైవరు కాలికింద నేల అంత పైకి వస్తుందన్నమాట. లోతుతోపాటు కాలానికీ హద్దున్నది. 1.4 వద్ద ఒక్క డైవ్‌లో 150 నిమిషాలు, ఒక రోజు మొత్తానికి 180 నిమిషాలు మించరాదు.

అమెరికా ప్రభుత్వపు సముద్ర వాతావరణ సంస్థ నోవా, 1979లో తన డైవింగ్ గ్రంథంలో 32 శాతం మిశ్రమానికి పద్ధతులను ప్రకటించింది. ఆ సంస్థలో పనిచేసిన డిక్ రుట్‌కోవ్‌స్కీ 1985 నుంచి దీనిని సామాన్య డైవర్లకు నేర్పసాగాడు. వ్యతిరేకత తీవ్రంగా వచ్చింది. 1990ల ఆరంభంలో కొందరు దీనిని దయ్యపు వాయువని కూడ నిందించారు. ఆ దశాబ్దం మధ్యకు వచ్చేసరికి పెద్ద శిక్షణ సంస్థలు దీనిని తమ పాఠాలలో చేర్చుకొన్నాయి. ఈలోగా వాయువు స్వభావం మారలేదు. దానిని వాడడానికి ఒక క్రమశిక్షణ ఏర్పడింది.

ఆ క్రమశిక్షణలో మొదటి సూత్రం: సిలిండరులో ఉన్నదేమిటో డైవరు స్వయంగా కొలిచి చూసుకోవాలి. నైట్రాక్స్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పక్కపక్కనే నిలబెట్టిన రెండు సిలిండర్లలో ఒకటి 32, మరొకటి 40 అయినా పీల్చి తెలుసుకోవడం అసాధ్యం. కొలవడానికి అరచేతిలో ఇమిడే ఒక పరికరం ఉన్నది. ముందుగా దానిని మామూలు గాలిలో ఉంచి 20.9 చూపేలా సరిచేయాలి. తరువాత సిలిండరు వాల్వును కొద్దిగా తెరచి, మిశ్రమాన్ని నెమ్మదిగా పోనిచ్చి, అంకె నిలకడగా నిలిచేవరకు వేచి ఉండాలి. ఆ శాతం, ఆ శాతానికి తగిన గరిష్ఠ లోతు, తేదీ, తన పేరు ఒక పట్టీ మీద వ్రాసి సిలిండరుకు అంటించాలి. పడవ ఎక్కే హడావుడిలో ఎవరో ‘‘నేను చూశానులే’’ అంటే సరిపోదు.

రెండవ సూత్రం: చేతికి కట్టుకొన్న డైవ్ కంప్యూటరుకు ఆ అంకెనే తెలియజేయాలి. సిలిండరులో 36 ఉండి కంప్యూటరులో 21 ఉన్నట్లయితే, ప్రాణవాయువు హద్దు దాటినప్పుడు అది హెచ్చరించలేదు. సిలిండరులో మామూలు గాలి ఉండి కంప్యూటరులో 32 ఉంటే, నత్రజని లెక్క తప్పి లేని వ్యవధి ఉన్నట్లు చూపుతుంది. రెండూ ప్రమాదకరమే. నీటిలో శ్రమపడి ఎదురీదడం, ఊపిరి బిగబట్టడం కూడ తగదు. దేహంలో బొగ్గుపులుసు వాయువు పేరుకొన్నకొద్దీ మూర్ఛ వచ్చే అవకాశం పెరుగుతుంది.

సిలిండరు నింపే చోట మరొక జాగ్రత్త అవసరం. స్వచ్ఛమైన ప్రాణవాయువు అధిక పీడనంలో నూనె, గ్రీజు వంటివాటిని తాకితే మంట పుట్టవచ్చు. అందుకే దానితో నింపే సిలిండర్లను, వాల్వులను ప్రత్యేకంగా శుభ్రపరుస్తారు. ఇది శిక్షణ పొందినవారి పనే గాని ఇంటి దగ్గర ప్రయత్నించదగినది కాదు.

నైట్రాక్స్ వాడినవారికి లోతులో కలిగే మత్తు తగ్గుతుందని నమ్మదగిన ఆధారం లేదు. విమానం ఎక్కే ముందు విరామం అక్కరలేదనుకోవడం కూడ పొరపాటే. ఒకే ఒక్క సాధారణ డైవ్ తరువాత కనీసం 12 గంటలు, వరుసగా కొన్నిరోజులు డైవింగ్ చేసినవారు కనీసం 18 గంటలు ఆగాలన్న సలహా వీరికీ వర్తిస్తుంది. అండమాన్ నుంచి తిరుగు ప్రయాణానికి విమానం టిక్కెట్టు కొనేటప్పుడే దీనిని గుర్తుంచుకోవాలి.

మరి అదనపు పది నిమిషాలను ఎలా ఉపయోగించుకోవడం మేలు? అనుభవజ్ఞులలో కొందరు వాటిని వాడుకోనే వాడుకోరు. నైట్రాక్స్ పీలుస్తూ మామూలు గాలికి విధించిన కాలపరిమితిలోనే పైకి వచ్చేస్తారు. అప్పుడు దేహంలో నత్రజని తక్కువగా మిగులుతుంది. అలాంటివారు కూడ లోతు హద్దును మాత్రం నైట్రాక్స్ లెక్క ప్రకారమే పాటిస్తారు. నత్రజని విషయంలో చేసిన పొదుపు ప్రాణవాయువు లెక్కలో జమకాదు. సిలిండరు మీద స్వయంగా కొలిచి వ్రాసిన అంకె లేకపోతే ఆ రోజుకు మామూలు గాలి సిలిండరు తీసుకొని దిగడమే వివేకం.