అవతలి కొసన ఎవరున్నారు?

గోదావరిఖనిలో గనిని ‘బాయి’ అంటారు. బాయిలో పంపు తిరగాలన్నా, ఓపెన్‌కాస్టులో కరెంటు షావెల్ కదలాలన్నా కేబుల్ బాగుండాలి. రాళ్లు రాసుకునో, బండ్ల కింద నలిగో దాని తొడుగు దెబ్బతింటుంది. అతుకు వేశాక, మళ్లీ కరెంటు ఇచ్చేముందు పరీక్షించాలి. అందుకు మామూలుకన్నా ఎక్కువ వోల్టేజీ పంపిస్తారు.

ఇప్పటి పరికరాల్లో మీటలు ఒకచోట, హైవోల్టేజీ పెట్టె మరోచోట పెట్టుకోవచ్చు. కంచె గేటుకి ఇంటర్‌లాక్ ఉంటే, అది తెరవగానే కరెంటు ఆగిపోతుంది. ఎర్ర బటన్ నొక్కినా అంతే. మీట నొక్కేవాళ్లు భద్రం. మరి అవతలి కొస? అది కిలోమీటరు దూరాన, సొరంగంలో ఉండొచ్చు. అక్కడున్న హెల్పర్‌కి ఇక్కడి సంగతి తెలియదు. అందుకే ముందు రెండు కొసలూ విడదీయాలి, స్విచ్‌లకు తాళాలు వేయాలి. అవతల కంచె కట్టి, బయట మనిషిని కాపలా ఉంచాలి. ‘ఇక్కడ ఎవరూ లేరు’ అని అతను ఫోన్లో చెప్పాకే మొదలుపెట్టాలి. భూగర్భంలోనైతే నిప్పురవ్వ ప్రమాదం కాబట్టి మీథేన్ పరీక్షా ముందే జరగాలి.

మీట ఆపినంతమాత్రాన అయిపోలేదు. కేబుల్ కెపాసిటర్‌లా ఛార్జిని దాచుకుంటుంది. ఒకసారి ఎర్త్ చేసి వదిలేస్తే, లోపల మిగిలింది మళ్లీ పైకొస్తుంది. డిశ్చార్జి కర్రతో ఖాళీ చేసి, పని ముగిసేదాకా ఎర్త్ తీయకూడదు. రిమోట్ ఉన్నా ఈ పని తప్పదు. షిఫ్టు దిగి వచ్చే మనిషి కోసం గుమ్మంలో ఎదురుచూసేవాళ్లకి, ఆ కాస్త ఆలస్యం ఒక లెక్కా!