అయిదు రూపాయల నోటు



దూరదర్శన్‌లో ఎన్నో ధారావాహికలు వచ్చిపోయాయి. వాటిలో కుటుంబమంతా కూర్చొని చూచి, చూచిన తర్వాత మాట్లాడుకొనవలసినది ‘తమస్’. తమస్ అంటే చీకటి. గోవింద్ నిహలానీ దర్శకత్వంలో 1988లో ప్రసారమైంది. భీష్మ సహానీ హిందీ నవల దీనికి మూలం. ఆయన పుట్టిన ఊరు రావల్పిండి. 1947 మార్చిలో అక్కడ మత కలహాలు చెలరేగాయి. దేశ విభజనకు ముందటి ఆ దినాలే ఇందులోని కథ.

దీని మొదటి భాగం హిందీ రానివారికి కూడా అర్థమవుతుంది. నత్థూ తోలు పని చేసుకొని బ్రతికే బీదవాడు. ఊరిలో పలుకుబడి గల ఒకడు వచ్చి, పశువుల డాక్టరుకు కావాలి, ఒక పందిని చంపిపెట్టమని అడుగుతాడు. అది నా పని కాదు, నాకు చేతకాదు అంటాడు నత్థూ. పెద్దమనిషి వినడు. అయిదు రూపాయల నోటు ముందుగానే చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. ఇక రాత్రంతా ఒక చీకటి కొట్టులో ఆ మనిషికీ ఆ జంతువుకూ పెనుగులాట. నత్థూ పాత్ర ధరించిన ఓం పురి ముఖంలో చెమట, భయం, అసహ్యం తప్ప అక్కడ పెద్ద మాటలేమీ లేవు.

తెల్లవారేసరికి ఆ పంది కళేబరం మసీదు మెట్ల మీద ఉంది! ఊరు రగులుకుంది. డాక్టరు మాట అబద్ధమని నత్థూకు అప్పుడు తెలిసింది.

మన వాడల్లో చెప్పులు కుట్టి, డప్పులు కట్టి బ్రతికిన పెద్దలకు నత్థూ కష్టాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. పెద్దవాడు పని చెబితే కాదనలేని బ్రతుకు అది. నోటు ఇచ్చినవాడు చాటున ఉన్నాడు, చేతికి రక్తం అంటినవాడు బీదవాడు. కథ ముగిసేలోగా నత్థూ ప్రాణమే పోతుంది. పంది చంపించిన మురాద్ అలీ మాత్రం, నవల చివరలో, శాంతి కమిటీ బస్సులో ముందు కూర్చొని శాంతి నినాదాలు పలుకుతూ ఉంటాడు!

ఈ కథలో మరొక చేయి కూడా ఉంది. సిక్కు వృద్ధుడు హర్నామ్ సింగ్, అతని భార్య బంతో తమ టీ దుకాణం విడిచి, రాత్రంతా నడిచి, తెల్లవారుజామున ఒక ముస్లిం ఇంటి తలుపు తడతారు. ఆ ఇంటి మగవారు దోపిడీకి వెళ్లారు. ఆ ఇల్లాలు రాజో తలుపు తీసి, వారిని అటక మీద దాచిపెడుతుంది. మగవారు మోసుకొచ్చిన పెట్టె హర్నామ్ సింగ్‌దే! అయినా ఆమె వారిని పట్టి ఇవ్వలేదు. యెరికోలో వేగులవారిని మిద్దె మీద దాచిన రాహాబు మనకు గుర్తుకు రాదా? రాజోగా నటించిన సురేఖా సిక్రీకి జాతీయ అవార్డు లభించింది. హర్నామ్ సింగ్‌గా నటించినది రచయిత సహానీయే.

ఈ ప్రసారం ఆపాలని కొందరు కోర్టుకు వెళ్లారు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు తామే దీనిని చూచి, ప్రసారానికి అనుమతించారు. 1988 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా దానినే సమర్థించింది. కలహం ఎలా పుడుతుందో చూచినవాడు కలహానికి దూరమవుతాడని వారి తలంపు.

జగిత్యాల, కోరుట్లల్లో బీడీలు చుట్టే తల్లులు, సిరిసిల్లలో మరమగ్గాల మీద బ్రతికే కుటుంబాలు ఈ కథను తమ ఇంటి సంగతిగా చూడవలెను. మన పల్లెల్లో పీరీల పండుగకు అన్ని కులాలవారు కలిసి నడిచే అలవాటు ఉంది. అటువంటి ఊరిని చీల్చడానికి పెద్ద సైన్యం అక్కరలేదు. ఎందుకని అడగని ఒక పిల్లవాడు దొరికితే చాలు.

ఎన్నికలు వచ్చినప్పుడు, ఊరేగింపులు కదిలినప్పుడు మన పిల్లల చేతిలో నోటు, సీసా, జెండా పెట్టేవారు వస్తారు. అప్పుడు తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు వేయండి. ఈ డబ్బు ఎవరిది? ఈ పని ఎందుకు? రేపు పోలీసు కేసు అయితే నీ ప్రక్కన నిలిచేవారెవరు? మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఆ నోటు తిరిగి ఇచ్చి రమ్మని చెప్పండి. ఆ పూట కూలి పోవచ్చు, పెద్దవాడికి కోపం రావచ్చు. మీ బిడ్డ మాత్రం రాత్రికి ఇంట్లో అన్నం తింటాడు.