నేర్చుకునేటోనికి చచ్చిన రీలా?

'నేర్చుకునేటోనికి కొత్త రీలెందుకుర? పాడు చేసెటందుకా?'

1993లో ఈ మాట విన్నాను. చార్మినార్ అవతల ఒక గల్లీలో, ఒక ఫొటో స్టూడియోలో. ఊడ్చే పనికి, ట్రేలు కడిగే పనికి అక్కడ చేరాను. మాది జల్‌పల్లి మాదిగవాడ. పొద్దున్నే సైకిలెక్కి ఎర్రకుంట, బార్కస్, చాంద్రాయణగుట్ట మీదుగా పోయేవాణ్ణి. ఆరు నెలలు ట్రేలు కడిగినంక ధైర్యం చేసి 'నాక్కూడ డార్క్‌రూం పని నేర్పుండ్రి సార్' అని అడిగాను. ఓనరు పైన రేకుల గదిలోంచి ఒక అట్టపెట్టె తెప్పించి నా ముందు పడేశాడు. నిండా డేటు అయిపోయిన నలుపు తెలుపు రీళ్లు. డబ్బాల మీద 1986 అని అచ్చు. ఏడు ఎండాకాలాలు రేకుల కింద ఉడికిన సరుకు.

సిగ్గు పడకుండా చెప్తాను, ఆ రోజు నేను సంబరపడ్డాను. ఎందుకు పడను? ఊళ్లో మిగిలిన కూడు మాకు కొత్త కాదు. ఒకరు తొడిగి విడిచిన అంగీ కొత్త కాదు. హాస్టల్లో పురుగుల బియ్యం కొత్త కాదు. పాతది చేతిలో పెడితే దండం పెట్టడం మాకు పుట్టుకతోనే నేర్పారు.

ఏడాది పాటు ఆ రీళ్లే వాడాను. మూలకు పడ్డ కెమెరా ఒకటి ఇచ్చారు. ఫొటోలు తీసి, రాత్రి స్టూడియో మూశాక కడిగేవాణ్ణి. ప్రతిసారీ నెగెటివ్ మీద బూడిద పూసినట్టు పొగ. ప్రింటు వేస్తే ముఖాలన్నీ మసక. ఓనరు చూసి ఒకసారి 'నీ చెయ్యి వణికింది' అనేవాడు. ఇంకోసారి 'డెవలపర్ వేడెక్కింది' అనేవాడు. ఆఖరికి 'గీ పని మీతోని కాదుర' అన్నాడు. నీతోని అనలేదు. మీతోని అన్నాడు. నేను నమ్మాను.

1994 ఏప్రిల్ 14. మా వాడలో అంబేద్కర్ జయంతి. డప్పు కొట్టే తాత ఒకాయన నా దగ్గరికొచ్చి, 'కొడుకా, నాదొక్క ఫొటో తియ్యి. ఇంట్ల గోడకు పెట్టుకుంట' అన్నాడు. డెబ్బై ఏండ్ల మనిషి, పుట్టినప్పటి నుంచి ఒక్క ఫొటో లేదు. మా వాళ్ల ఫొటోలు పేపర్లో ఎప్పుడొచ్చాయి? 1985లో కారంచేడు అయినప్పుడు వచ్చాయి. 1991లో చుండూరు అయినప్పుడు వచ్చాయి. బతికున్న మాదిగాయన డప్పు పట్టుకుని నవ్వే ఫొటో మేమే తీసుకోవాలని నాకు పట్టుదల. ఆరు ఫొటోలు తీశాను. ఆరూ పోయాయి. తెల్లటి రుమాలు కనబడింది. రుమాలు కింద ముఖం లేదు. ఆ వానాకాలమే తాత చనిపోయాడు. గోడకు ఫొటో లేక డప్పు తగిలేశారు. ఆ ఇంటి ముందునుంచి నేను తల ఎత్తి నడవలేకపోయాను.

అసలు సంగతేందో ఇప్పుడు చెప్తాను. డబ్బా మీద డేటు ఊరికే వెయ్యరు. ఫిలిం మీద వెండి లవణాలు ఉంటాయి. వేడికి, చెమ్మకి, కాలానికి ఆ లవణాలు వెలుతురు చూడకుండానే చెడతాయి. డెవలపర్లో పడగానే వెలుతురు చూసినట్టే నల్లబడతాయి. అదే పొగ. మరోపక్క ఫిలింకు వెలుతురును పట్టే శక్తి తగ్గుతుంది. ముందుగా పోయేది నీడలోని వివరం. నల్లటి ముఖం, చెట్టుకింది మనిషి, గుడిసె లోపలి తల్లి ముందు పోతారు. తెల్లచొక్కాలు, సున్నం గోడలు చివరిదాకా నిలుస్తాయి. చచ్చిన రీలు కూడా ఎవర్ని ముందు మాయం చేస్తుందో చూడండి!

పని తెలిసినవాడికి దీనికి ఉపాయాలున్నాయి. పదేండ్లకు ఒక స్టాప్ చొప్పున వెలుతురు ఎక్కువిస్తాడు. డెవలపర్లో కాస్త పొటాషియం బ్రోమైడో బెంజోట్రయజోలో వేసి పొగను అదుపు చేస్తాడు. అయినా అది ఉజ్జాయింపే. ఫ్రిజ్‌లో పెట్టిన రీలు వేరు, రేకుల కింద ఉడికిన రీలు వేరు. మరి నేర్చుకునేవాడి గతేంది? ఫోకస్, అపర్చర్, షట్టర్, డెవలపర్ వేడి, నిమిషాల లెక్క, ట్యాంకు కదపడం – ఇప్పటికే ఆరు చోట్ల తప్పు చేసే వీలుంది. ఏడోది రీలే చచ్చిందైతే తన తప్పు ఏదో వాడికెట్ల తెలుస్తది? నేర్చుకోవడమంటేనే తన తప్పు తనకు కనబడడం. చచ్చిన రీలు నీ తప్పును దాస్తుంది, దాని తప్పును నీ నెత్తిన రుద్దుతుంది.

ఆ ఏడాది చివర నా జీతం డబ్బుతో ఒక కొత్త రీలు కొన్నాను. ఊటీలో ప్రభుత్వ కంపెనీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసే 'ఇందు' రీలు. 1960లో పెట్టిన ఆ కంపెనీ 1967 నుంచి ఫిలిం తీసింది, ఇప్పుడు మూతబడింది. అదే కెమెరా, అదే డెవలపర్, అదే చెయ్యి. వేపచెట్టు కింద మా అవ్వను కూర్చోబెట్టి తీశాను. నెగెటివ్ ఎత్తి చూస్తే అవ్వ నుదుటి మీద గీతలు ఒక్కొక్కటీ లెక్కబెట్టొచ్చు.

అప్పుడు పాత రీలు జానెడు కత్తిరించి, కెమెరాలో పెట్టకుండానే చీకట్లో డెవలపర్లో, తర్వాత హైపోలో వేశాను. తేటగా రావాల్సిన ముక్క కుడితి నీళ్ల రంగులో వచ్చింది. వెలుతురే చూడని ముక్క! నేను గురే చూడని ముక్క! అరగంట పని. ఈ పరీక్ష ఓనరుకు తెలియదా? పెండ్లి ఆర్డర్లకు ఆయన ఏనాడైనా ఆ అట్టపెట్టెలోంచి రీలు తీశాడా?

1990లో మండల్ అల్లరప్పుడు రోడ్లెక్కి 'ప్రతిభ, ప్రతిభ' అని అరిచిన వాళ్లను నేను చూశాను. వాళ్ల లెక్క ఇదే. చచ్చిన రీలియ్యి, బొమ్మ రాలేదని మార్కులు కొయ్యి, దానికి ప్రతిభ అని పేరు పెట్టు.

ఇంకో మాట. ఆ వెండిని ఫిలిం మీద పట్టుకునేది జెలటిన్. అది పశువుల తోళ్లలోంచి, ఎముకల్లోంచి తీసేదే. 1920లలో కోడాక్ లాబరేటరీలో శామ్యూల్ షెపర్డ్ అనే శాస్త్రవేత్త జెలటిన్‌లో ఉండే కొద్దిపాటి గంధక పదార్థాలే ఫిలింకు చురుకు తెస్తున్నాయని కనిపెట్టాడు. పశువు మేసిన ఆవజాతి మొక్కల్లోంచి అవి వచ్చాయి. మా నాయిన జల్‌పల్లిలో ఎముకలేరి గోనెసంచుల్లో గోదాముకు మోసినోడు. ఆయన పక్కన కూర్చోవడానికి బస్సులో ముక్కు మూసుకున్నారు. ఎముక లేకుంటే మీ ఫిలిమే లేదు. ఎముకలేరినోని కొడుకు డార్క్‌రూంలోకి వస్తే మాత్రం చచ్చిన రీలా?

'కొత్త రీలు ఖరీదు' అంటారు. నిజమే, డిజిటల్ వచ్చినంక మరీ పెరిగింది. కానీ ముప్ఫై మీటర్ల ఫిలిం చుట్టలోంచి ముప్ఫైయారు ఫొటోల రీళ్లు పద్దెనిమిది దాకా వస్తాయి. ఒక్క రీలును ముగ్గురికి పంచండి. పన్నెండు ఫొటోలతో తన తప్పు తాను చూసుకోవచ్చు. 'పొగలో కూడా అందం ఉంది, అదొక కళ' అని ఈ మధ్య కొందరంటున్నారు. కొత్త రీలు చేతిలో ఉండి పొగను ఏరుకున్నోడికి అది కళ. పొగ తప్ప మరోటి దొరకనోడికి అది శిక్ష.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీకెవరన్నా పాత రీలిస్తే ముందు జానెడు ముక్క కోసి కడగండి. అది కుడితి రంగులో వస్తే ఇచ్చినోడి ముందు పెట్టి చూపించండి. చూపించినంకనే మీ చెయ్యి మంచిదా కాదా అనే మాట మొదలుపెట్టనివ్వండి.