కింద బాపు, పైన కొడుకు, మధ్యలో అలెక్సా

నిజామాబాద్‌లో వినాయక్‌నగర్, సుభాష్‌నగర్ వైపు ఈమధ్య కట్టిన ఇళ్లు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. కింద తల్లిదండ్రులు, పైన కొడుకూ కోడలూ, ఆపైన అద్దెకిచ్చుకోవడానికో బట్టలు ఆరేసుకోవడానికో ఇంకో స్లాబు. కింది వంటింట్లోంచి కేకేస్తే పైకి సగమే వినబడుతుంది. ఫోన్ చేద్దామంటే అవతలి ఫోన్ సైలెంట్‌లోనో చార్జింగ్‌లోనో ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న తల్లి "అన్నం తిందురు రాండ్రి" అని చెప్పడానికి పద్దెనిమిది మెట్లు ఎక్కదు కదా. పాటల కోసం కొన్న స్మార్ట్ స్పీకర్‌ను ఇంటర్‌కమ్‌గా వాడుకుంటే సరిపోదా అన్న ఆలోచన ఇక్కడే పుడుతోంది.

సరిపోతుంది, కొంతవరకు. అమెజాన్ ఎకో మన దేశానికి 2017 చివర్లో, గూగుల్ హోమ్ 2018లో వచ్చాయి. ఒక గదిలో అన్న మాటను ఇంట్లోని మిగతా స్పీకర్లలో వినిపించే సదుపాయం రెంటిలోనూ ఉంది. ఎకోలో మాట్లాడే అలెక్సా దాన్ని అనౌన్స్‌మెంట్ అంటుంది, గూగుల్ బ్రాడ్‌కాస్ట్ అంటుంది. ఆపిల్ అయితే 2020లో తన హోమ్‌పాడ్‌కు ఏకంగా ఇంటర్‌కమ్ అనే పేరుతోనే ఇచ్చింది. అలెక్సాలో దీనికితోడు డ్రాప్ ఇన్ అని ఇంకోటి ఉంది. అందులో అవతలివాళ్లు ఎత్తే పని లేదు. చిన్న చప్పుడు, స్పీకర్ మీద ఆకుపచ్చ లైటు, అంతే, లైను కలిసిపోతుంది. ఇక రెండు గదులూ ఒకటే. అనౌన్స్‌మెంట్ మాట చెప్పి వెళ్లిపోతుంది. డ్రాప్ ఇన్ అవతలి గదిని కూడా వింటుంది. నా అభ్యంతరం ఈ రెండోదాని మీదే.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి. అలెక్సాకు మన దేశంలో ఇంగ్లీషు వచ్చు, 2019 నుంచి హిందీ వచ్చు. తెలుగులో హుకుం వేస్తే దానికి ఎక్కదు. కానీ అనౌన్స్‌మెంట్‌కు ఆ ఇబ్బంది లేదు. "అలెక్సా, అనౌన్స్" అన్న రెండు ముక్కలు వస్తే చాలు, తర్వాత అన్నది అన్నట్టుగా, మన గొంతుతోనే అవతల మోగుతుంది. "బాపూ, గోలీ ఏసుకున్నవా?" అని కోడలు పైన అంటే కింద కోడలి గొంతే వినబడుతుంది, మరబొమ్మ గొంతు కాదు. తెలుగు, ఉర్దూ, మరాఠీ పక్కపక్కనే వినబడే బోధన్ లాంటి ఊళ్లో ఇది చిన్న సుఖమేం కాదు. చెయ్యి ఖాళీ లేనప్పుడు, కళ్లద్దాలు ఎక్కడ పెట్టామో గుర్తులేనప్పుడు, నోరొక్కటి చాలు.

బోధన్ వైపు సంగతి కొంచెం వేరు. శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు మోసింది. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో తాళం పడింది. చెరకు వేసిన మళ్లు వరికి మళ్లాయి, కార్మికుల పిల్లలు హైదరాబాద్ దారి పట్టారు. గల్ఫ్ దారి అయితే అంతకు ముందునుంచే ఉంది. ఇప్పుడు ఎడపల్లి, వర్ని వైపు ఎన్నో ఇళ్లలో ఉండేది ఇద్దరు ముసలివాళ్లు, లేదా ఒక్కరే. ఇలాంటి ఇంట్లో ఇంటర్‌కమ్ అంటే గదికీ గదికీ మధ్య కాదు, కూకట్‌పల్లికీ బోధన్‌కూ మధ్య. కొడుకు ఫోన్‌లోని యాప్ నుంచే ఊళ్లోని స్పీకర్‌లోకి డ్రాప్ ఇన్ కావచ్చు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన తండ్రి ఫోన్ ఎత్తలేడు, మాట్లాడగలడు. అలాంటి మనిషి మంచం పక్కన ఇది ఉండటాన్ని నేను కాదనలేను.

అయితే దాన్ని నమ్ముకుని నర్సును మానిపించేవాళ్లూ ఉంటారు. వాళ్లకొక మాట: 108కో 112కో అలెక్సా ఫోన్ చేయదు. బాత్రూంలో జారిపడితే పక్కగదిలోని స్పీకర్‌కు ఆ మూలుగు వినబడకపోవచ్చు, వినబడినా "అలెక్సా" అని పిలవందే అది కదలదు.

ఇక రెండో వైపు. నాకు తెలిసిన ఒక పెద్దాయన గదిలో కొడుకు ఎకో పెట్టి, హైదరాబాద్ నుంచి రోజూ డ్రాప్ ఇన్ అయ్యేవాడు. ప్రేమతోనే. పెద్దాయన నాలుగు రోజులు ఊరుకుని, ఆ తర్వాత దాని మీద తువ్వాల కప్పడం మొదలుపెట్టాడు. "అర్రల ఎవలో వచ్చి నిలబడ్డట్టే ఉంటది, నేను బనీను మీద కూసున్నా సరే" అన్నాడు. తువ్వాలతో మైకు ఆగదని, పైనున్న మీట నొక్కి ఎర్రలైటు వెలిగితేనే ఆగుతుందని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పాలని కొడుకుకూ తోచలేదు.

కలిసి ఉండే ఇంట్లో ఇది ఇంకా సున్నితం. వంటింట్లో కోడలు వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంటుంది, కిందగదిలో అత్తమ్మ ఇరుగుపొరుగుతో కోడలి గురించే మాట్లాడుతుంటుంది. ఇన్నాళ్లూ ఆ రెండు మాటల మధ్య ఒక స్లాబు ఉండేది. ఇల్లు నిలబడటానికి సిమెంటు ఎంత అవసరమో ఆ వినబడకపోవడమూ అంతే అవసరం. ఆకుపచ్చ లైటు వెలుగుతుంది నిజమే, వెనక్కి తిరిగి పోపు వేస్తున్న మనిషి దాన్ని చూస్తుందా? పైగా సెట్టింగులన్నీ ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్ల చేతిలో ఉంటాయి. మన ఇళ్లలో అది ఎక్కువగా కొడుకు పేరునే. పనిమనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆమెను ఎవరూ అడగరు.

ఇవి ఉత్త అనుమానాలు కావు. 2018లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో భార్యాభర్తలిద్దరు ఇంట్లో చెక్క ఫ్లోరింగ్ గురించి మాట్లాడుకుంటే, ఎకో దాన్ని రికార్డు చేసి భర్త కాంటాక్టుల్లో ఒకరికి పంపింది. మామూలు మాటల్లో తన పేరు విన్నాననుకుందని, ఆ తర్వాత మెసేజ్ పంపమన్నట్టు విన్నాననుకుందని కంపెనీ వివరణ. 2023లో పిల్లల గొంతు రికార్డులను అట్టే పెట్టుకున్నారన్న కేసులో అమెజాన్ అమెరికా ప్రభుత్వానికి 2.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

కరెంటు సంగతి ఎవరూ ముందు ఆలోచించరు. పక్కగదికి చెప్పే మాట కూడా ఇంటర్నెట్‌లోకి వెళ్లి రావాల్సిందే. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, టీవీ వెనక సాకెట్‌కున్న రౌటర్ మాత్రం ఆరిపోతుంది. దాంతో ఇంటర్‌కమ్ మూగబోతుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌కు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల కరెంటు తీగ వెంట వచ్చేది, ఊరంతా చీకటైనా అది మోగేది. అందుకే ఇది కొత్తదనగానే పాతదానికన్నా మెరుగనుకోనక్కర్లేదు. స్లాబులు దాటి వై-ఫై అందకపోతే మరో రౌటర్ కొనాలి, పొలం దగ్గరి మోటారు గది దాకా అయితే అదీ చాలదు.

కేవలం పిలవడమే కావాలంటే కొన్ని వందల రూపాయలకు వైర్‌లెస్ కాలింగ్ బెల్ దొరుకుతుంది. మీట మంచానికి, బెల్లు పైగదికి. ఏమీ వినదు, ఏమీ దాచుకోదు, ఇంటర్నెట్ అడగదు. రెండు స్పీకర్ల ఖర్చు వేలల్లో ఉంటుంది.

నా తీర్పు ఇది. ఇంట్లో ఇప్పటికే స్పీకర్లుంటే అనౌన్స్‌మెంట్ హాయిగా వాడుకోండి. డ్రాప్ ఇన్‌ను ప్రతి స్పీకర్‌లోనూ ఆఫ్ చేయండి, లేవలేని మనిషి గదిలో తప్ప. అక్కడ కూడా ఆ మనిషి సరేనంటేనే, రాత్రి వేళ డిస్టర్బ్ చేయొద్దనే సెట్టింగు పెట్టి. వంటింట్లో, మిగతా పడకగదుల్లో అసలే వద్దు. ఇంటర్‌కమ్ కోసమే కొత్తగా కొందామనుకునేవాళ్లు మాత్రం ముందు బెల్లు కొని ఒక నెల చూడండి. అప్పటికీ స్పీకర్లే కావాలనుకుంటే, కొన్నాక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి రౌటర్‌ను ఇన్వర్టర్ లైను మీదికి మార్పించండి. ఎర్రలైటు మీట ఎక్కడుందో అమ్మకూ బాపుకూ చేయిపట్టి చూపించండి.